పడవలోంచి కాశి: గంగాతీర విహారం – ఒక విమర్శనాత్మక పఠనం

వ్యాససంగ్రహం:

కాశిలో అస్సీ నుంచి రాజఘాట్ దాకా గంగ మీద సాగే పడవ విహారం నేడు ఆ నగరాన్ని చూసే ప్రధాన మార్గాల్లో ఒకటి. ఘట్టాలనూ, రాజభవనాలనూ, శ్మశానాలనూ ఒకే వరుసలో చూపే ఈ ప్రయాణానికి తనదైన క్రమం, దృష్టికోణం, వ్యాఖ్యానం ఉన్నాయి. ఆ మేరకు దాన్ని ఒక పాఠంగా పరిగణించి విమర్శించడం ఈ వ్యాసం ఉద్దేశం. పడవ చూపే కాశి 18వ శతాబ్ది నిర్మాణాల మీదా, అదే కాలంలో వచ్చిన ఐరోపా చిత్రకారుల చూపు మీదా ఆధారపడిందనీ, తెలుగు సాహిత్యంలోని కాశి అందుకు భిన్నంగా ప్రవేశం, నివాసం, వియోగం అనే అనుభవాల మీద నిలిచిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కాశి, గంగా ఘట్టాలు, పడవ విహారం, యాత్రాసాహిత్యం, పంచతీర్థి, శ్రీనాథుడు, ఏనుగుల వీరాస్వామయ్య, పండితరాజ జగన్నాథుడు.

1. ఉపోద్ఘాతం

కాశి దగ్గర గంగ దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రవహిస్తుంది. పాత నగరమంతా పడమటి గట్టు మీదే ఉంది. ఎదుటి గట్టు చాలామేరకు ఇసుకమేట. సూర్యోదయ వేళ పడవలో కూర్చున్నవారికి అస్సీ నుంచి వరుణా సంగమం వైపు ఆరేడు కిలోమీటర్ల పొడవున ఘట్టాలు, వాటి మెట్లు, మెట్ల మీద కోటగోడల్లాంటి భవనాలు ఒకే వరుసలో, ఎర్రని వెలుతురులో కనిపిస్తాయి. ఘట్టాల సంఖ్యను వాడుకలో 84గా చెబుతారు. ఇంతటి నగరం ఇంత తేలికగా, కూర్చున్న చోటు కదలకుండా, గంటా రెండు గంటల్లో చూడడానికి దొరకడం అరుదు. యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో 2021లో చేరినది కూడా కాశీక్షేత్రం పేరుతో కాదు, చారిత్రక వారాణసి 'నదీతీరం' పేరుతో. అంటే నగరానికి ప్రతినిధిగా దాని నదీముఖాన్ని నిలిపే అలవాటు విహారయాత్రలను దాటి వారసత్వ సంస్థల భాషలోకి కూడా వచ్చింది.

ఈ విహారాన్ని వినోదమని తోసిపుచ్చడం సులభం. పడవలో కూర్చుని కాశిని చూసేవాడు యాత్రికుడు కాడని తేల్చేయడం అంతకంటే సులభం. ఆ రెండు తీర్పులూ పరిశోధనకు పనికిరావు. పడవ విహారానికి ఒక క్రమం ఉంది: ఏ కట్టడం తరువాత ఏది వస్తుందన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. ఒక దృష్టికోణం ఉంది: నది మధ్య నుంచి, కొంత దూరం నుంచి, కింది నుంచి పైకి. ఒక వ్యాఖ్యానం ఉంది: పడవ నడిపేవారి నోటిమాట, లేదా పెద్ద నౌకల్లో ముందే రికార్డు చేసిన గొంతు. క్రమమూ కోణమూ వ్యాఖ్యానమూ ఉన్న దేనినైనా పాఠంగా చదవవచ్చు. ఆ పాఠం దేన్ని ముందుకు తెస్తున్నది, దేన్ని వెనక్కి నెడుతున్నది అన్నది ఇక్కడి ప్రశ్న.

ఒక చిన్న పరిశీలన ఈ ప్రశ్నను స్పష్టం చేస్తుంది. ఉదయం ఘట్టం మీద అర్ఘ్యమిచ్చేవారు తూర్పుకు, అంటే సూర్యుడి వైపు, తిరిగి నిలబడతారు. పడవలోనివారు పడమరకు తిరిగి వారిని చూస్తుంటారు. సూర్యుడు ప్రేక్షకుల వీపు వెనుక ఉంటాడు. ఎవరి ముఖాల మీది వెలుగును అందమైన దృశ్యంగా భావిస్తున్నారో, ఆ ముఖాలు చూస్తున్నది పడవను కాదు. పడవ వారి చూపుకు అడ్డంగా ఉంది. ఘట్టాలను కట్టింది నదిని, సూర్యుణ్ణి చూడడానికి. విహారం వాటిని చూడదగిన వస్తువులుగా తిప్పిపెట్టింది. దశాశ్వమేధంలో సాయంకాలం హారతి వేళా ఇదే జరుగుతుంది. అర్చకులు గంగకు హారతి ఇస్తారు. గంగ ఉన్నచోట ప్రేక్షకుల పడవలు బారులు తీరి ఉంటాయి.

2. 'ప్రాచీన' తీరం వయసు

విహారంలో తరచు వినిపించే విశేషణం 'ప్రాచీన'. నగరం ప్రాచీనమే, సందేహం లేదు. కానీ పడవలోంచి కనిపించే రాతి తీరంలో అధికభాగం 18వ శతాబ్దికీ ఆ తరువాతి కాలానికీ చెందినది. దశాశ్వమేధ ఘట్ట నిర్మాణంలో పీష్వాల చేయి ఉంది. ఇందోరు రాణి అహల్యాబాయి హోల్కరు 1780 ప్రాంతంలో విశ్వనాథాలయాన్ని తిరిగి కట్టించడంతో పాటు ఘట్టాలనూ నిర్మింపజేసింది. ఆమె పేరుతోనే ఒక ఘట్టం ఉంది. నాగపూరు భోంస్లేలు, గ్వాలియరు సింధియాలు తమతమ పేర్లతో ఘట్టాలూ భవనాలూ కట్టించారు. విహారంలో కెమెరాలన్నీ తిరిగే దర్భంగా భవనం 18వ శతాబ్ది తరువాతిదే. ఈ వరుసలో మానమందిరం పాతది. అంబరు రాజు మాన్‌సింగు 1600 ప్రాంతంలో కట్టించిన ఆ భవనం మీద, 18వ శతాబ్దిలో సవాయి జయసింహుడు ఖగోళ వేధశాలను నెలకొల్పాడు.

కనుక పడవ చూపించేది పురాణకాలపు కాశిని కాదు. మొగలు అధికారం క్షీణిస్తూ, మరాఠా సంస్థానాలు బలపడుతూ, ఈస్టిండియా కంపెనీ ప్రవేశిస్తున్న కాలంలో, దూరదేశాల రాజులు పుణ్యం కోసమూ ప్రతిష్ఠ కోసమూ పోటీపడి కట్టిన తీరాన్ని. కాశిలో ఒక ఘట్టం ఉండడం నాటి రాజవంశానికి దేశవ్యాప్తమైన గుర్తింపు. ఈ విషయాన్ని వాస్తుచరిత్రకారిణి మాధురీ దేశాయి 2017లో వెలువడిన తన కాశీ గ్రంథంలో విస్తారంగా చర్చించారు. నగరపు పవిత్రరూపం ఎప్పటికప్పుడు పునర్నిర్మితమవుతూ వచ్చిందన్న ఆమె వాదన, 'కాలాతీత నగరం' అనే మాటను యాత్రారచనలు అలవాటుగా వాడేముందు ఒకసారి ఆగి చూసుకునేలా చేస్తుంది.

ఈ భవనాల ఆకారం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. కింద ఎత్తైన గుడ్డిగోడలు, అష్టకోణపు బురుజులు, చాలా పైన కిటికీలు. చూసేవారికి ఇవి కోటలుగా తోస్తాయి. రాజసం కొంత ఉన్నా, అసలు కారణం వరద. వారాణసిలో గంగ ప్రమాదస్థాయి 71.262 మీటర్లు. 1978 సెప్టెంబరులో నది 73.901 మీటర్లకు చేరింది. ఏటా వర్షాకాలంలో మెట్లన్నీ మునిగి, నీరు ఆ గుడ్డిగోడలను తాకుతుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవడానికే బురుజులు. సింధియా ఘట్టం దగ్గర నీటిలోకి ఒరిగిన రత్నేశ్వర మహాదేవాలయాన్ని వింతగా చూపుతారు, దాని చుట్టూ తల్లి ఋణం తీర్చబోయిన కొడుకు కథ ఒకటి అల్లుకుంది. నది పక్కన బరువైన రాతికట్టడం నిలపడం ఎంత కష్టమో చెప్పే సాక్ష్యంగా కూడా దాన్ని చూడవచ్చు. విహారం ఎక్కువగా సాగేది నీరు తగ్గి, మెట్లన్నీ బయటపడ్డ శీతకాలంలో. అప్పుడు గోడల ఎత్తుకు కారణమైన నది చాలా కిందుగా, నెమ్మదిగా ఉంటుంది. కారణం కనిపించనప్పుడు దాని ఫలితం వైభవంగా తోచడం సహజం.

చేత్‌సింగు కోట దగ్గర మాత్రం వ్యాఖ్యానం చరిత్రలోకి దిగుతుంది. 1781లో వారన్ హేస్టింగ్స్ సొమ్ము కోసం కాశీరాజు చేత్‌సింగును నిర్బంధించడం, జనం తిరగబడడం, రాజు నదివైపు కిటికీలోంచి తలపాగాలు ముడివేసి దిగి తప్పించుకోవడం ప్రసిద్ధమైన కథ. నది మీద నుంచే అర్థమయ్యే చరిత్ర ఇది. కిటికీ ఎత్తు, దాని కిందనే నీరు కళ్ళెదుట ఉంటాయి. పడవ అనే దృష్టికోణం నిజంగా ఉపకరించే తావులు కొన్ని ఉన్నాయనడానికి ఇదొక ఉదాహరణ.

3. చిత్రకారుల పడవ

చేత్‌సింగు తిరుగుబాటు నాటికి హేస్టింగ్స్ వెంట కాశిలో ఉన్నవారిలో విలియం హాడ్జెస్ అనే చిత్రకారుడు ఒకడు. అతడు 1780లలో లండనులో ప్రచురించిన భారతదేశ దృశ్యాల్లో కాశీ ఘట్టాలు ఉన్నాయి. తరువాత థామస్ డేనియల్, అతని అన్నకొడుకు విలియం గంగ మీదుగా ప్రయాణించి, 1795 నుంచి 1808 వరకు వెలువరించిన చిత్రసంపుటాల్లో దశాశ్వమేధ ఘట్టాన్ని చేర్చారు. కాశీ టంకశాలలో 1820 నుంచి పదేళ్లు ఉద్యోగం చేసిన జేమ్స్ ప్రిన్సెప్ నగర పటాన్ని తయారుచేసి, కాశీ దృశ్యాలను 1830ల తొలి సంవత్సరాల్లో అచ్చువేయించాడు. బ్రాహ్మీ లిపిని చదివిన పండితుడిగానే తెలుగు పాఠకులకు ఎక్కువగా తెలిసిన ప్రిన్సెప్, కాశి రూపురేఖలను ప్రపంచానికి పంపినవారిలో ముఖ్యుడు కూడా.

ఈ చిత్రాల్లో తరచుగా నీరు ముందు, మెట్లు మధ్య, శిఖరాలు పైన ఉంటాయి. మనుషులు చిన్నగా, కొలత కోసమన్నట్టు అక్కడక్కడ ఉంటారు. ఆ రోజుల్లో కలకత్తా నుంచి ఎగువకు వెళ్లే ఆంగ్లేయులు పెద్ద పడవల్లో, గదుల కిటికీల్లోంచి దేశాన్ని చూస్తూ ప్రయాణించేవారు. దేశం పక్కనుంచి కదిలిపోయే దృశ్యంగా వారికి పరిచయమైంది. కాశీ సందుల్లో దారి తప్పిన చిత్రకారుడికి దొరకని మొత్తం చిత్రం, నది మీద ఉన్నవాడికి అనాయాసంగా దొరికింది. నేటి పోస్టుకార్డులూ, క్యాలెండర్లూ, పర్యాటక ప్రకటనలూ ఈ కూర్పునే వాడుతున్నాయి. పడవ ఎక్కేవారు ఆ చిత్రాన్ని ముందే చూసి ఉంటారు. చూసినదాన్ని సరిపోల్చుకోవడం విహారంలో సగం ఆనందం.

దీన్ని వలసపాలకుల చూపు అని ముద్రవేసి ఊరుకోవడం తేలిక. అసలు విషయం అంత సరళంగా లేదు. మరాఠా ప్రభువులు కూడా నదిలోంచి కనబడాలనే ఆ ముఖభాగాలను తీర్చిదిద్దారు. కట్టినవారి ప్రదర్శనాభిలాష, చిత్రించినవారి దూరదృష్టి ఒకే కాలంలో కలుసుకున్నాయి. నేటి విహారం ఆ కలయికకు వారసురాలు.

4. దిగే పడవ, దిగని పడవ

కాశిలో పడవ కొత్తది కాదు. పంచతీర్థి యాత్ర చేసేవారు పూర్వం నుంచీ పడవను వాడుతున్నారు. అస్సీ, దశాశ్వమేధం, ఆదికేశవం, పంచగంగ, మణికర్ణిక అనే అయిదు తావుల్లో స్నానం చేసి, సంకల్పం చెప్పి, దైవదర్శనం చేసుకోవడం ఆ యాత్రావిధానం. ఈ క్రమం భౌగోళికమైన వరుస కాదన్నది గమనించాలి. పడవ దశాశ్వమేధం నుంచి మణికర్ణికనూ పంచగంగనూ దాటి వరుణా సంగమం దాకా వెళ్లి, మళ్లీ ఎదురు ప్రవాహంలో వెనక్కి వచ్చి మణికర్ణికలో ముగించాలి. తీర్థాల క్రమాన్ని పురాణం నిర్ణయిస్తుంది, పడవ దానికి లోబడుతుంది. విహారంలో నది పొడవు క్రమాన్ని నిర్ణయిస్తుంది, పురాణకథలు ఆ వరుసకు తగిలించిన చీటీలవుతాయి. ఇంతకంటే ముఖ్యమైన భేదం మరొకటి. పంచతీర్థి పడవ అయిదుసార్లు ఆగుతుంది, యాత్రికుడు అయిదుసార్లు తడుస్తాడు. విహారపు పడవలోనివాడు ఎక్కిన బట్టలతోనే, పొడిగా దిగుతాడు.

దిగడం, ఉండడం అనే ఈ క్రియలే తెలుగు సాహిత్యంలోని కాశికి కేంద్రం. రాజమహేంద్రవరపు రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి అంకితమైన శ్రీనాథుడి కాశీఖండంలో తొలి మహాదుఃఖం అగస్త్యుడిది. వింధ్యను అణచడానికి ఆయన కాశిని విడిచి దక్షిణానికి రావలసివస్తుంది. భీమఖండంలో వ్యాసుడి కథ మరీ తీవ్రం. రోజుల తరబడి భిక్ష దొరకక ఆకలికి కోపించి కాశిని శపించబోయిన వ్యాసుణ్ణి అమ్మవారు అన్నం పెట్టి ఆదుకుంటుంది. ఆ కోపానికి శిక్షగా శివుడు కాశి విడిచిపొమ్మంటాడు. వ్యాసుడు దాక్షారామం దారి పడతాడు. తెలుగు కవి ఈ వియోగాన్ని తన దేశపు క్షేత్రానికి మహిమ తెచ్చే ఎత్తుగడగా మలచుకున్నాడు. కాశీ స్థానికగాథలో మాత్రం వ్యాసుడు అంత దూరం వెళ్లడు, గంగ ఎదుటి గట్టున, రామనగరం వైపున, నగరాన్ని చూస్తూ ఉండిపోతాడు. అక్కడి వ్యాసకాశికి అదే మూలకథ.

ఈ గాథను పడవ విహారం పక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యకరమైన పోలిక కనబడుతుంది. ఎదురుగా నిలిచి, మొత్తం కాశిని ఒక్కచూపులో చూడగలగడం వ్యాసుడికి పడిన శిక్ష. లోపల ఉన్నవాడికి కాశి ఎన్నడూ మొత్తంగా కనిపించదు; సందులూ, గుళ్లూ, ఆవులూ, మెట్లూ మాత్రమే కనిపిస్తాయి. మొత్తంగా కనిపించడం వెలుపలివాడి భాగ్యమో దౌర్భాగ్యమో. పురాణం దాన్ని దౌర్భాగ్యంగానే లెక్కించింది.

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర ఈ సంప్రదాయానికి ఆధునిక వచనరూపం. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసిన లేఖల నుంచి రూపుదిద్దుకున్న ఆ గ్రంథం 1838లో అచ్చయింది. దిగవల్లి వేంకట శివరావు పరిష్కరణ 1941లో వచ్చింది. ప్రిన్సెప్ చిత్రాలూ, వీరాస్వామయ్య రచనా దాదాపు ఒకే కాలపు కాశికి చెందినవి. ఒకరిది రేఖ, మరొకరిది రోజువారీ లెక్క. మజిలీల మధ్య దూరాలు, దొరికే సామాను, సుంకాలు, దారుల మంచిచెడ్డలు, వివిధ ప్రాంతాల ఆచారభేదాలు ఆయన గ్రంథమంతటా పరచుకుని ఉన్నాయి. ప్రతిచోటా దిగి, వండుకుని, బేరమాడి, మనుషులతో మాట్లాడినవాడి పరిజ్ఞానం అది. వీరాస్వామయ్య వర్ణనలు రమణీయంగా లేవని చులకన చేయడం తగదు. దృశ్యాన్ని గీయడం ఆయన లక్ష్యం కాదు. తరువాత వచ్చేవాడు చిక్కుల్లో పడకుండా చూడడం లక్ష్యం. నేటి యాత్రావ్యాసాల్లో సూర్యోదయం గురించి పుటలు నిండుతాయి. బస, భోజనం, పడవ కూలి గురించి ఒక్క వాక్యం ఉండదు. ఆ రచనలను అంచనా వేసేటప్పుడు వీరాస్వామయ్య ఇంకా పనికొచ్చే కొలమానం.

'కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం' అన్న తెలుగు సామెత నాటి దారి కష్టాన్ని చెబుతుంది. దారి సుగమమైన తరువాత కూడా కాశిలో తొమ్మిది రాత్రులు నిద్రచేయాలన్న ఆచారం తెలుగువారిలో నిలిచింది. మానసరోవర ఘట్టం, పాండే హవేలీ ప్రాంతాల్లోని ఆంధ్రాశ్రమాలు ఆ నిద్రకు ఆధారాలు. 2023 ఏప్రిల్ 22న మొదలైన గంగా పుష్కరాలకు తెలుగు నేల నుంచి వచ్చిన జనంతో ఆ వీధులు నిండిపోయాయి. పడవలోంచి చూస్తే మానసరోవర ఘట్టం కేదార ఘట్టానికి అవతల మెట్ల వరుస మాత్రమే. తెలుగువారి కాశి ఆ మెట్ల వెనుక, సందుల్లో ఉంది.

5. రెండు నిమిషాల పంచగంగ

విహారం ఎంత వేగంగా చదువుతుందో చూపడానికి పంచగంగా ఘట్టం చాలు. అక్కడికి చేరేసరికి ప్రయాణికులు మణికర్ణికను దాటి అలసి ఉంటారు, పడవ వేగం పెరుగుతుంది. కాని కాశీ తీరంలో ఇంత దట్టంగా అర్థాలు పేరుకున్న తావు మరొకటి లేదు.

తావెర్నియే 17వ శతాబ్దిలో చూసి వర్ణించిన బిందుమాధవాలయం ఇక్కడిదే. ఔరంగజేబు కాలంలో అది కూలి, ఆ తావున మసీదు లేచింది. ఆ మసీదు మినారులు ప్రిన్సెప్ నాటికి తీరమంతటికీ ఎత్తైన గుర్తులు, నేడవి లేవు. కాని జనం నోట వాటి పేరు 'మాధోరాయ్ ధరహరా'. కూలిన గుడిలోని మాధవుడి పేరు మసీదు మినారులకు చేరింది. ఈ ఒక్క పేరులో వైరమూ ఉంది, సహవాసమూ ఉంది. రెండింటిలో ఏ ఒక్కదాన్నో ఎంచుకుని చెప్పే వ్యాఖ్యానం ఆ పేరును వినలేదన్నమాటే.

కబీరు చీకట్లో ఈ మెట్ల మీదే పడుకున్నాడనీ, స్నానానికి వస్తున్న రామానందుడి పాదం తగలడమే అతనికి దీక్ష అయిందనీ గాథ. కోనసీమ ముంగండకు చెందిన పండితరాజ జగన్నాథుడు షాజహాను ఆస్థానంలో వెలిగి, ముస్లిం స్త్రీ లవంగిని చేపట్టినందుకు కాశీ పండితుల తిరస్కారానికి గురయ్యాడనీ, ఈ ఘట్టం పైమెట్టు మీద ఆమెతో కూర్చుని గంగాలహరి చెప్పుతుండగా శ్లోకానికొక మెట్టు చొప్పున 52 మెట్లూ గంగ పైకి వచ్చిందనీ మరో గాథ. చారిత్రకంగా ఈ కథకు ఆధారాలు వెతకడం వేరే పని. గాథ తర్కం మాత్రం గమనించదగినది. పండితులు తోసేసినవాణ్ణి నది వచ్చి అందుకుంది. మనిషి మెట్లు దిగలేదు, నదే మెట్లెక్కింది. వర్షాకాలపు వరదను ఏటా చూసేవాళ్ల ఊహలోనే ఇలాంటి కథ పుడుతుంది. విజయనగర ప్రాంతం నుంచి వచ్చి, జాతి పేరే తన పేరుగా మిగిలిన త్రైలింగస్వామి 1887లో దేహం చాలించేవరకు కాశిలో ఉన్నాడు. ఆయన మఠం ఈ ఘట్టం పైనే ఉంది. ఒక నేతకారుడు, ఒక బహిష్కృత కవి, ఒక దిగంబర సన్న్యాసి: ముగ్గురూ రాజులు కారు, ఎవరూ ఘట్టం కట్టించలేదు. కట్టించినవారి పేర్లను చదివే విహారంలో వీరికి చోటు తక్కువ కావడంలో వింత లేదు.

6. చితుల ఎదుట

మణికర్ణిక, హరిశ్చంద్ర ఘట్టాల ముందు పడవలు నెమ్మదిస్తాయి. విహారంలో నైతికంగా అత్యంత క్లిష్టమైన ఘట్టం ఇదే. చితులను ఫోటో తీయకూడదన్నది అక్కడి మర్యాద, పడవ నడిపేవారే ఆ మాట చెబుతారు. కాని ఫోటో తీయకపోయినంత మాత్రాన చూపు స్వభావం మారదు. పుత్రుడు కొరివి పెడుతున్న వేళ నదిలోంచి ముప్పై నలభై జతల కళ్లు చూస్తుంటాయి. అందులో చాలామందిది కుతూహలం, కొందరిది భయం, కొందరు చేతులు జోడిస్తారు. క్షేత్రంలో మృత్యువు బహిరంగమే. ఎవరూ దాన్ని దాచలేదు. దహనం గృహాలకు దూరంగా కాక నగరం నడిబొడ్డున జరగడం కాశి ప్రత్యేకత. కనుక చూడడమే తప్పని అనలేము. బహిరంగమైనదానికీ ప్రదర్శితమైనదానికీ తేడా ఉంది. శవాన్ని మోసుకుపోతున్న సందులో గోడకు ఒరిగి దారి ఇచ్చినవాడు ఆ మరణంలో ఎంతో కొంత పాలుపంచుకున్నాడు. నదిలో ఉన్నవాడు ఎవరికీ దారి ఇవ్వనక్కరలేదు.

తెలుగు ప్రేక్షకుడి విషయంలో ఇంకొక పొర ఉంది. హరిశ్చంద్ర ఘట్టం పేరు వినగానే ఆంధ్రదేశంలో ఒక తరానికి నాటకరంగం మీది కాటిసీను గుర్తుకొస్తుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్రీయం ఊరూరా ఆడింది. జాషువ శ్మశానపద్యాలు ఆ సీనులో కలిసిపోయి, పద్యం రాని నోటికి కూడా వచ్చాయి. ఆ రంగస్థలం మీద కాశీ శ్మశానాన్ని చూసింది కాటికాపరి కళ్లతో. రాజుగా పుట్టి వీరబాహుడికి అమ్ముడుపోయిన మనిషి, కన్నకొడుకు శవానికి కూడా కాటిసుంకం అడగవలసిన మనిషి, చితుల మధ్య నిలబడి పాడాడు. తెల్లవార్లూ నేల మీద కూర్చుని విన్న జనం ఆ కాటిలోనే ఉన్నారు. విహారం ఇచ్చే దృశ్యం కంటే దూరాన ఉన్న ఆ నాటకం ఇచ్చిన అనుభవం కాశీ కాటికి దగ్గరగా ఉందనడం అతిశయోక్తి కాదు. అక్కడ దహనాలు నడిపే డోములను విహార వ్యాఖ్యానం 'డోమ్ రాజా' అనే బిరుదుతో వింతగా చూపి ముందుకుపోతుంది. జాషువ పద్యాలు విన్నవారికి ఆ బిరుదు వెనుక ఉన్న కులం ప్రశ్న వినబడకపోదు.

7. తెడ్డు పట్టినవాడి మాట

పడవ నడిపే నిషాదులు, మల్లాహులు రాముణ్ణి గంగ దాటించిన గుహుడి వారసులమని చెప్పుకుంటారు. దేవుణ్ణే దాటించినవాళ్లమన్న ఆ మాటలో ఆత్మగౌరవం ఉంది, ఘట్టం మీద హక్కు కూడా ఉంది. కాశీ నావికుల కులజీవనం మీద 2008లో గ్రంథం వెలువరించిన అస్సా డోరన్, వారి వృత్తి కర్మకాండతోనూ పర్యాటకంతోనూ ఎలా పెనవేసుకుందో వివరించాడు. విహారపు పాఠానికి వీరు గాత్రం మాత్రమే కారు, కర్తలు కూడా. ఎక్కినవారు ఎవరో చూసి కథ మారుస్తారు. కేదార ఘట్టం ప్రాంతంలో తెలుగువారు ఎక్కితే వచ్చీరాని తెలుగులో హరిశ్చంద్రుణ్ణి ముందు చెబుతారు. ప్రశ్న వేస్తే ఆగుతారు, అడిగితే దింపుతారు. చేతి తెడ్డు స్థానంలో డీజిలు యంత్రం, ఇప్పుడు సి.ఎన్.జి. వచ్చినా ఈ సంభాషణ కొంత మిగిలింది. పెద్ద నౌకల్లో రికార్డు చేసిన గొంతు ఎవరి ముఖమూ చూడదు. వారాణసి నుంచి డిబ్రూగఢ్‌కు 51 రోజుల్లో సుమారు 3,200 కిలోమీటర్లు వెళ్లే విలాసనౌక 2023 జనవరిలో ఇక్కడి నుంచే బయలుదేరింది. ఆ స్థాయి ప్రయాణంలో కాశి ఒక మజిలీ. మౌఖిక వ్యాఖ్యానాలను సేకరించే పని జానపద పరిశోధకులు ఇప్పుడే చేపట్టవలసి ఉంది. ఘట్టాల పొడవునా ఏ నావికుడు ఏ కథ ఎవరికి ఎలా చెబుతున్నాడో నమోదు చేయడానికి తెలుగు యాత్రికుల పడవలు మంచి క్షేత్రం.

నదిలోంచి చూసే చూపు ఇప్పుడు నగరాన్నే మారుస్తున్నది. విశ్వనాథుడి గుడి శతాబ్దాలుగా సందుల మధ్య ఉండేది. గంగ మీద ఉన్నవారికి అది కట్టెదుట లేదు. 2021 డిసెంబరు 13న ప్రారంభమైన విశ్వనాథ ధామం కోసం మూడువందలకు పైగా ఆస్తులను సేకరించి, మూడువేల చదరపు అడుగుల ఆవరణను దాదాపు అయిదు లక్షల చదరపు అడుగులకు విస్తరించారు. ఇళ్ల మధ్య కలిసిపోయిన నలభైకి పైగా పాతగుళ్లు బయటపడ్డాయి. లలితా ఘట్టం దగ్గర గంగ నుంచి నేరుగా ఎక్కే ద్వారం వచ్చింది. వృద్ధులకూ, వికలాంగులకూ ఇది నిజమైన సౌకర్యం. ఇరుకు సందుల్లో తొక్కిసలాట పడినవారు దీన్ని తేలికగా తీసిపారేయలేరు. అయితే దేవుడి గుడికి నదీముఖం ఏర్పడడం కాశిలో చిన్న మార్పు కాదు. సందుల్లో తిరిగి, డుంఠి గణపతికి మొక్కి, పూలకొట్లు దాటి, ఎప్పుడు వస్తుందో తెలియకుండా ఎదురుగా వచ్చే గుడి, ఇప్పుడు పడవలోంచి దూరంగానే తెలిసిపోతుంది. 18వ శతాబ్దిలో రాజభవనాలకు జరిగినది 21వ శతాబ్దిలో గర్భగుడికి దారిగా జరిగింది.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గంగ ప్రమాదస్థాయిని సమీపించినప్పుడు అధికారులు పడవలను ఆపేస్తారు. ఘట్టం నుంచి ఘట్టానికి మెట్ల మీద నడిచే దారి మునుగుతుంది. హారతి కట్టడాల మేడల మీదికి జరుగుతుంది, మణికర్ణికలో చితులు పై అరుగుల మీదికి ఎక్కుతాయి. ఆ కొద్దివారాలు తీరాన్ని తీరంగా చూసేందుకు ఎవరికీ చోటుండదు. స్నానానికి వచ్చినవారు సందు చివర, ఎన్నో మెట్టో తెలియని మెట్టు మీద, నీళ్లు ఎక్కడికి వస్తే అక్కడే మునుగుతారు.